ఉప్పు నేలలో టమాటా: పొటాష్, హార్మోన్ మందులు ఎంతవరకు ఆదుకుంటాయి?

మీ ప్రశ్న ఇదీ: నేల పరీక్షలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 5, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.9 వచ్చాయి, టమాటాలో ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి, పొటాష్‌తో పాటు ఏదైనా హార్మోన్ మందు కొడితే మొక్క తట్టుకుంటుందా అని. తట్టుకుంటుంది, కానీ కొంతే. ఇదే పంటతో రెండు సీజన్లు తంటాలు పడ్డాను కాబట్టి నేనెక్కడ దెబ్బ తిన్నానో ముందు చెప్తాను.

మొదటిసారి ఆకులు మాడగానే పొటాష్ లోపం అనుకున్నాను. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది మరి. చేతిలో ఉన్న మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వేసేశాను. అది పొటాషియం క్లోరైడ్, అంటే అదీ ఉప్పే! ఎరువుల ఉప్పు సూచికలో దానిది 116 దాకా ఉంటుంది, సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌ది 46. వారం తిరక్కుండానే మొక్కలు ఇంకా డీలా పడ్డాయి. నేలలో తడి ఉంది, మొక్కేమో తల వేలాడేసింది. ఉప్పు ఎక్కువైతే నీళ్లు కళ్లముందే ఉన్నా వేరు లాక్కోలేదు. తర్వాత సోడియం మెల్లగా పైకెక్కి ముదురు ఆకుల్లో పేరుకుంటుంది, పొటాషియం ఉండాల్సిన చోట తాను చేరుతుంది. మీరు చూస్తున్న మాడు ఈ రెండో దశదే అయివుండొచ్చు.

రెండో సీజన్‌లో సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌కి మారాను, డ్రిప్‌లో కాల్షియం నైట్రేట్ కొద్దికొద్దిగా ఇచ్చాను. నాకు బాగా కలిసొచ్చింది కాల్షియమే. వేరు పొరలు గట్టిగా ఉండి సోడియాన్ని విచ్చలవిడిగా లోపలికి రానివ్వకుండా, పొటాషియాన్ని బయటికి పోనివ్వకుండా చూసేది అదే. నైట్రేట్ క్లోరైడ్‌కి పోటీగా నిలబడుతుంది. పైగా ఉప్పు నేలలో టమాటాకి కాయ అడుగు నల్లబడి కుళ్లే బెడద ఎక్కువ, దానికీ కాల్షియం అందకపోవడమే కారణం. ఆకు మీద కొట్టిన కాల్షియం కాయలోకి పెద్దగా దిగదు, వేరు దగ్గర ఇస్తేనే లాభం. ఈ రెండు ఎరువుల్నీ ఒకే ట్యాంకులో మాత్రం కలపకండి, జిప్సం ముద్దలా అడుగున దిగి గొట్టాలు మూసుకుపోతాయి. ఇవి కూడా ఈసీ పెంచేవే కాబట్టి మోతాదు చిన్నదిగా, ఎక్కువ విడతల్లో ఇవ్వండి.

ఇక హార్మోన్లు. నేను వాడింది సాలిసిలిక్ ఆమ్లం. పొడిని నేరుగా చల్లటి నీళ్లలో వేస్తే కరగలేదు, నాజిల్ మూసుకుపోయింది. చిరాకేసి మర్నాడు లెక్క చూసుకోకుండా చిక్కగా కలిపి కొట్టాను, లేత ఆకులు పసుపెక్కి ముడుచుకున్నాయి. ఇలాంటి వాటిలో ఎక్కువైతే మందే దెబ్బ కొడుతుంది. ఆ తర్వాత 0.5 మిల్లీమోలార్ చాలనుకున్నాను, అంటే లీటరుకు దాదాపు 70 మిల్లీగ్రాములు. ముందు కొంచెం ఆల్కహాల్‌లో కరిగించి నీళ్లలో కలిపి, సాయంత్రం పూట, మంచి నీళ్లతోనే కొట్టాను. బోరు నీళ్లే ఉప్పగా ఉంటే ఆకు మీద మనమే ఉప్పు చల్లినట్టు.

నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలేశాను, పోల్చుకోడానికి. ఉప్పు ఒక మోస్తరుగా ఉన్న చోట తేడా కనిపించింది: కొట్టిన మొక్కల్లో ఆకు పచ్చదనం నిలిచింది, పూత రాలడం తగ్గింది. తెల్లటి పొర తేలిన మడిలో మాత్రం కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఏ పిచికారీ అయినా మొక్కకు ఓపికనిస్తుంది తప్ప నేలలోంచి చిటికెడు ఉప్పు కూడా తీయదు.

మొక్కను పొడవుగా పెంచే హార్మోన్ జిబ్బరెల్లిక్ ఆమ్లం జోలికి మాత్రం నేను పోను. ఉప్పు దెబ్బ తగిలిన మొక్క కావాలనే ఎదుగుదల తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది. అలాంటప్పుడు దాన్ని బలవంతంగా సాగదీయడం దేనికి? విత్తనం నానబెట్టేటప్పుడైతే అది వేరే సంగతి, మొలక రావడానికి సాయపడుతుంది.

మీ పీహెచ్ 7.9 అంటున్నారు కాబట్టి ఇది పాల చౌడులా ఉంది, అంటే క్షారం కాదు, మామూలు ఉప్పు పేరుకున్న నేల. దీనికి జిప్సం పెద్దగా పనిచేయదు, మంచి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి దింపాలి, ఆ నీళ్లు బయటికి పోయే దారి ఉండాలి. మడి కట్టి నీళ్లు నిలబెడితే, 30 సెంటీమీటర్ల మట్టిలోంచి అంతే లోతు నీళ్లు దిగిపోయేసరికి సుమారు 80 శాతం ఉప్పు కిందికి పోతుందని పాత లెక్క. పంట ఉండగా ఇది కుదరదు, తీశాకే. డ్రిప్ ఉంటే ఇంకో మాట: ఉప్పు తడి అంచున పేరుకుంటుంది, చిన్న జల్లు పడితే అదంతా వేరు మీదికొస్తుంది. అందుకే చిరుజల్లు పడేటప్పుడు డ్రిప్ ఆపకండి. వాన పడుతోందిగా అని ఆపి ఒకసారి నేను చెయ్యి కాల్చుకున్నాను.

టమాటా సాధారణంగా ఈసీ 2.5 దాకా తట్టుకుంటుంది, ఆపైన ఈసీ ఒక్కో అంకె (డెసిసీమెన్) పెరిగేకొద్దీ 10 శాతం దిగుబడి పోతుందని అంచనా. 5 దగ్గర నాలుగో వంతు పోయినట్టే. కాకపోతే ఈ లెక్క మట్టిని ముద్ద చేసి తీసిన ద్రావణానిది. చాలా ల్యాబ్‌లు ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూస్తాయి, అప్పుడు అంకె బాగా తక్కువగా వస్తుంది. మీ 5 ఆ పద్ధతిలో వచ్చిందైతే అసలు ఉప్పు ఇంకా చాలా ఎక్కువ, మందుల మీద ఖర్చు పెట్టకండి. ల్యాబ్‌ని అడిగి ఏ పద్ధతో ఇక్కడ రాయండి, నీళ్ల ఈసీ కూడా.