గుడ్డు కన్నా ముందు గూడు గీయాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. లేని జంతువుల్ని ఊహించి వాటి గుడ్లు గీస్తుంటుంది. గేముల్లో జీవుల్ని డిజైన్ చేస్తానంటోంది. బొమ్మలు చూసిన ఒక డిజైనర్ ‘బాగున్నాయి గానీ, ఏ జీవి గుడ్లో తెలియడం లేదు’ అన్నారు. ఏం సరిచేసుకోవాలి? ఏం చదవాలి?
- ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈ పనిని కాన్సెప్ట్ ఆర్ట్ అంటారు. గుడ్లు ఒక్కటే గీస్తే ఉద్యోగం రాదు. కానీ జీవి గురించి ఎంత ఆలోచించారో గుడ్డు దగ్గరే దొరికిపోతుంది. మీ అమ్మాయి బహుశా ముందు పెంకుకు రంగు, నగిషీ వేసి, తర్వాత జీవిని తగిలిస్తోంది. వరస తిరగెయ్యమనండి: ఎక్కడ పెడుతుంది, ఎవరు పొదుగుతారు, పిల్ల ఎలా బయటికొస్తుంది? రూపం ఆ తర్వాత.

నమూనాలు మన చుట్టూనే ఉన్నాయి. కాలవగట్టు బొరియలో లకుముకి పిట్ట పెట్టే గుడ్లు తెల్లన. చీకట్లో మచ్చలతో పనిలేదు. బీడు నేల మీద తీతువు గుడ్లకు రాళ్లలో కలిసిపోయే మచ్చలు. సూర్యలంక తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో వందకు అటూఇటూగా పెట్టి పోతుంది. అవి గుండ్రంగా, తోలులాంటి పెంకుతో ఉంటాయి.

ఎక్కువ మంది బోల్తా పడేది కొలతల దగ్గర. కోడిగుడ్డు సుమారు 6 సెం.మీ., 60 గ్రాములు. అదే ఆకారంలో 60 సెం.మీ. గుడ్డు గీస్తే పొడవు పదింతలే గానీ బరువు వెయ్యింతలు: 60 కిలోలు! తల్లి ఒళ్లు దాన్ని మోయగలగాలి. కోడిగుడ్డు పెంకు మందం మూడు కాగితాలంత, దాదాపు 0.3 మి.మీ. మరీ పలచనైతే పొదిగేటప్పుడే పగులుతుంది, మరీ మందమైతే పిల్ల పొడుచుకుని రాలేదు. ఇక పెంకంతా లోహంలా మెరిపించడం. అందులో పిల్లకు ఊపిరెలా? గుడ్లు ఉడికేటప్పుడు పెంకు మీంచి లేచే సన్నటి బుడగలు చూడమనండి, ఆ రంధ్రాల్లోంచే పిల్లకు గాలి అందేది. గట్టి ముళ్లున్న గుడ్డైతే తల్లి కడుపులోంచి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి: పెట్టినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడిందా?

ఒక్కో జీవికి ఒక ఏ3 షీటు చాలు. గూడును కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే బొమ్మ, పక్కన మనిషి చెయ్యి పెట్టి గుడ్డు, గాలి గది (పెంకు లోపల గాలి నిండిన ఖాళీ) కనిపించేలా గుడ్డు అడ్డకోత, అంగుళం మేర పెంకు పెద్దది చేసి, పిల్ల బయటపడే మూడు దశలు. గాలి గది ఎక్కడుంటుందో తెలియాలంటే చీకట్లో పచ్చిగుడ్డు లావు కొన వెనక ఫోన్ టార్చి పెడితే సరి. ఇలాంటివి ఆరు షీట్లుంటే, ముప్ఫై అందమైన గుడ్ల కన్నా నయం.

చదువు సంగతి: యూసీడ్ (ఐఐటీల్లాంటి చోట్ల డిజైన్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష), ఎన్‌ఐడీ డాట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ప్రవేశ పరీక్ష) రెండూ ఏ గ్రూపు వాళ్లైనా, రెండో సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. యూసీడ్ మొత్తం రెండుసార్లే, అదీ వరస సంవత్సరాల్లోనే రాయనిస్తారు. మనకు దగ్గర్లోని అమరావతి ఎన్‌ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. యానిమేషనే కావాలంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ చూడాలి. కంప్యూటర్లో బొమ్మలు గీసే క్రిటా, 3డీ రూపాలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే. ఖరీదైన డ్రాయింగ్ టాబ్లెట్ మాత్రం ఇప్పుడే కొనకండి, రెండు పరీక్షల్లోనూ చేత్తోనే గీయాలి.