ప్రకటనలు మొదట్లో బాగా నడిచి తర్వాత చతికిలపడుతుంటే ఏం మార్చాలి?

మీరు అడిగింది రెండు సంగతులు. కొత్త ప్రకటన పెట్టిన మొదటి కొన్ని వారాలు బాగుంటోంది, తర్వాత ఖర్చు పెరిగి అమ్మకాలు తగ్గుతున్నాయి, ఎందుకు అన్నది ఒకటి. "డేటా చూడు" అని ఒకరు, "కొత్తగా ఆలోచించు" అని ఇంకొకరు చెరోవైపు లాగుతుంటే ఎవరి మాట వినాలన్నది రెండోది. చాలాకాలంగా చిన్నా చితకా సంస్థలకు ఆన్‌లైన్ ప్రకటనలు నడుపుతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ప్రకటన కనిపించడం, క్లిక్ చేయడం, పేజీకి రావడం, కొనడం, ఇదంతా ఒక గొలుసు. అది ఎక్కడ తెగిందో అంకెలు చెబుతాయి. అక్కడ ఏం మాట్లాడాలో మాత్రం చెప్పవు. ఆ మాట కొనేవాళ్ల దగ్గరే దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు, పడిపోయింది అమ్మకాలా, లేక లెక్కా అన్నది తేల్చుకోండి. ప్రకటనల డ్యాష్‌బోర్డులో కనిపించే కన్వర్షన్లూ (ప్రకటన వల్ల వచ్చాయని అది లెక్కేసిన అమ్మకాలు), మీకు నిజంగా వచ్చిన ఆర్డర్లూ ఒకటే అనుకోవద్దు. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 తో యాపిల్, ఇతర యాప్‌లలో, సైట్లలో మనిషి ఏం చేస్తున్నాడో గమనించే ట్రాకింగ్‌కి వినియోగదారుడి అనుమతి తప్పనిసరి చేసింది. ఆ మార్పుల సమయంలోనే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సంస్థ మెటా తన లెక్క కూడా మార్చుకుంది. అంతకుముందు క్లిక్ చేసిన 28 రోజుల్లోపు కొన్నా ఆ అమ్మకాన్ని ప్రకటన ఖాతాలో వేసేవారు. ఆ గడువు డిఫాల్ట్‌గా 7 రోజులకు తగ్గింది. మీది పదిరోజులు ఆలోచించి కొనే సరుకైతే, ప్రకటన చూసి వచ్చిన అమ్మకం కూడా అక్కడ కనిపించకపోవచ్చు. ఈమెయిల్ ఓపెన్ రేటుదీ, అంటే ఎంతమంది మెయిల్ తెరిచారన్నదానిదీ, ఇదే కథ. మెయిల్‌లోని బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్కేస్తారు. ఐఓఎస్ 15 తో యాపిల్ మెయిల్ యాప్‌లో వచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ ఆ బొమ్మల్ని ముందే దించేస్తుంది, దాంతో ఎవరూ తెరవని మెయిల్ కూడా తెరిచినట్టు నమోదవుతుంది. ఓపెన్ రేటు పెరిగిందని సంబరపడే రిపోర్టులు నాకింకా వస్తూనే ఉంటాయి, ఏం చేస్తాం.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు కనిపించే ప్రకటన అసలేమీ చేయకపోవచ్చు. ఈబే సంస్థ తన సొంత పేరు వెతికేవాళ్లకు చూపించే ప్రకటనల్ని కొన్ని సెర్చ్ ఇంజిన్లలో ఆపి చూసింది. ఆ క్లిక్‌లు దాదాపు మొత్తం కిందనున్న మామూలు లింకుల ద్వారా ఉచితంగానే వచ్చేశాయి. ఈ పరిశోధన 2015లో ఎకనోమెట్రికా అనే ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయింది. ఈబే అంత పేరు మీకు లేకపోతే, మీ పేరు మీద పోటీదారు ప్రకటన వేస్తుంటే ఫలితం వేరుగా ఉండొచ్చు. అందుకే నమ్మడం కన్నా కొన్నాళ్లు ఆపి చూడటం మేలు.

లెక్క సరిగ్గానే ఉంది, అమ్మకాలే తగ్గాయి అని తేలితే అప్పుడు గొలుసు చూడండి. ఒక్కో మనిషికి ప్రకటన కనిపించే సార్లు, అంటే ఫ్రీక్వెన్సీ, పెరుగుతూ, చూసినవాళ్లలో క్లిక్ చేసేవాళ్ల శాతం, అంటే క్లిక్ రేటు, తగ్గుతోందంటే జనానికి మీ బొమ్మ మొహం మొత్తింది. క్లిక్ రేటు నిలకడగా ఉండి పేజీకి వచ్చినవాళ్లు కొనకుండా పోతున్నారంటే, ప్రకటన ఇచ్చిన మాటకూ పేజీలో కనిపించినదానికీ పొంతన లేదు, లేదా పేజీ ఫోన్‌లో సతాయిస్తోంది. రెండూ బాగుండి ఖర్చు మాత్రమే పెరిగితే ప్రకటన చోటు కోసం జరిగే వేలంలో పోటీ పెరిగి ఉంటుంది. దానికి కొత్త వీడియో తీయడం దండగ. ఈ మూడింటికీ మందులు వేరు. ఏది తెగిందో చూడకుండా "క్రియేటివ్ (ప్రకటనలోని బొమ్మ, వీడియో, మాటలు) మార్చేద్దాం" అనేవాళ్లే ఎక్కువ.

ఇక మాట దొరకడం గురించి. ఒక క్లయింట్ ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు స్ప్రెడ్‌షీట్లు నేర్పే కోర్సు అమ్మేవారు. అంతా రికార్డు చేసిన వీడియోలే. బోర్డు ముందు నిలబడ్డ టీచరు ఫొటో, నిపుణుల శిక్షణ, సర్టిఫికెట్, ఇదీ వాళ్ల ప్రకటన. క్లిక్‌లు బాగానే వస్తున్నాయి, డబ్బు కట్టే పేజీ దగ్గర జనం వెనక్కి వెళ్లిపోతున్నారు. వాళ్ల టీమ్ ఆ బటన్ రంగు మార్చాలా, ఆఫర్ పెట్టాలా అని చర్చిస్తోంది. నేను వాట్సాప్‌లో వాళ్లకొచ్చిన పాత చాట్‌లు తెరిపించి వరుసగా చదివాను. మాటలు వేరైనా అడిగింది ఒకటే: "క్లాసు టైమ్ ఎప్పుడండీ, నాకు షిఫ్టులు మారుతుంటాయి", "మధ్యలో మిస్సయితే ఏంటి పరిస్థితి". బోర్డూ టీచరూ చూసి ఇది లైవ్ క్లాసు అనుకుంటున్నారు!

కొత్త ప్రకటనలో టీచరు లేరు. ఫోన్ తెర మీద ఆపేసిన వీడియో, దాని కింద ఒకే వాక్యం: "17వ నిమిషంలో ఆపేశారా? రేపు అక్కణ్ణుంచే." క్లిక్ చేస్తే తెరుచుకునే ల్యాండింగ్ పేజీ మొదటి వరసలో కూడా అదే వాక్యం. క్లిక్ రేటు తగ్గింది. టీమ్‌లో ఒకరు అది చూసి రెండోరోజే ఆపేద్దామన్నారు. కానీ లైవ్ క్లాసు కావాలనుకునేవాళ్లు క్లిక్ చేయడం మానేశారు, అందుకే తగ్గింది. డబ్బు కట్టినవాళ్లు పెరిగారు. చాట్‌లోని వాక్యాలు కూడా డేటానే అని ఒప్పుకుంటే మీ రెండో ప్రశ్నలోని గొడవ సగం తీరిపోతుంది. జనం ఏ మాటలు వెతికి మీ ప్రకటన చూశారో చెప్పే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు, రివ్యూలు, వెనక్కిచ్చేటప్పుడు రాసిన కారణాలు, సేల్స్ కాల్స్: ఇవన్నీ ఆ కోవలోవే, చదివే ఓపిక ఉండాలంతే.

కొన్నాళ్లకు ఆ ప్రకటన కూడా పాతబడింది, మీ ప్రకటనల్లాగే. అక్కడ పాతబడింది ఆ ఫోన్ బొమ్మే, దాని వెనకున్న ఆలోచన కాదు. అదే సంగతిని నైట్ డ్యూటీ నర్సు కోణంలోంచి, ప్రయాణంలో చూసేవాళ్ల కోణంలోంచి చెప్పాం, మళ్లీ కదిలింది. మీరు ప్రతిసారీ ఆలోచననే పారేసి సున్నా నుంచి మొదలుపెడుతున్నారేమో చూసుకోండి. గూగుల్ పెర్ఫార్మెన్స్ మ్యాక్స్, మెటా అడ్వాంటేజ్ ప్లస్ లాంటి ఆటోమేటిక్ ప్రకటన పద్ధతులు వచ్చాక ఎవరికి చూపించాలన్నది చాలావరకు యంత్రమే చూసుకుంటోంది. మన చేతిలో ప్రధానంగా మిగిలింది ఏం చూపించాలన్నదే.

రెండు వెర్షన్లు పెట్టి ఏది మేలో చూసే పరీక్షల దగ్గర చాలామంది బోల్తా పడతారు. పేజీకి వచ్చినవాళ్లలో నూటికి ఇద్దరు కొంటున్నారనుకోండి. దాన్ని 2.4కి పెంచే మార్పు నిజమో కాదో సాధారణంగా వాడే గణాంక ప్రమాణాలతో తేల్చాలంటే ఒక్కో వెర్షన్‌కు సుమారు 20 వేల మంది కావాలి. అదే రెండు నాలుగయ్యేంత తేడా అయితే సుమారు 1,200 మంది చాలు. ఇది చిన్న బడ్జెట్ వాళ్లకు గొప్ప వెసులుబాటు. తక్కువ ట్రాఫిక్ ఉన్నవాళ్లు బటన్ రంగులు పరీక్షించి లాభం లేదు, తేడా ఉన్నా కనిపించదు. పూర్తిగా వేరే వాదన, వేరే బొమ్మ, వేరే హామీ పరీక్షించాలి. తెగించి ఆలోచించమని ఇక్కడ అంకెలే చెబుతున్నాయి.

పెద్ద ట్రాఫిక్ ఉంటే చిన్న మార్పు కూడా పండుతుంది. 2012లో మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో ప్రకటన శీర్షిక చూపించే తీరు మార్చాలన్న ఒక ఉద్యోగి ఆలోచన, ముఖ్యం కాదని నెలల తరబడి పక్కన పడి ఉంది. చివరికి ఒక ఇంజినీరు పరీక్షపెడితే ఆదాయం 12 శాతం పెరిగింది. 2008 ఎన్నికల కోసం నడిచిన ఒబామా ప్రచార వెబ్‌సైట్‌లో దీనికి ఎదురు జరిగింది, అక్కడ అందరూ మెచ్చిందే ఓడింది. బటన్లూ, ఫొటోలూ, వీడియోలూ కలిపి 24 కూర్పులు పరీక్షించారు. సిబ్బందికి వీడియోలంటే మోజు, గెలిచింది మాత్రం కుటుంబం ఫొటో. నమోదు రేటు 8.26 నుంచి 11.6 శాతానికి పెరిగింది. ఆఫీసులో ఎవరికేది నచ్చిందన్న ఓటింగ్‌ని అప్పట్నుంచీ నేను పెద్దగా పట్టించుకోను.

ఇంకొకటి, ప్రకటన మొదలుపెట్టేముందే "ఈ అంకె ఇంతకు చేరకపోతే ఆపుతాం, ఇన్నాళ్లదాకా ముట్టుకోం" అని రాసి పెట్టుకోండి. మెటాలో లెర్నింగ్ ఫేజ్ (ప్రకటన ఎవరికి చూపితే పనిచేస్తుందో యంత్రం నేర్చుకునే దశ) దాటడానికి ఒక యాడ్ సెట్‌కు, అంటే ఒకే బడ్జెట్ కింద నడిచే ప్రకటనల గుంపుకు, వారంలో సుమారు 50 కన్వర్షన్లు అవసరం. పెద్ద మార్పు చేసినప్పుడల్లా అది మళ్లీ మొదలవుతుంది. రెండ్రోజులకోసారి బడ్జెట్‌నో బొమ్మనో గెలికేవాళ్లు ఆ దశ దాటనే దాటరు. అంత బడ్జెట్ లేకపోతే అమ్మకం బదులు కార్ట్‌లో వేయడం లాంటి ముందు మెట్టును లక్ష్యంగా పెట్టుకోవచ్చు. కార్ట్‌లో వేసి వదిలేసేవాళ్లు ఎక్కువైతే మాత్రం ఇది కూడా తప్పుదోవే.

మీరు ఖర్చు గ్రాఫ్ ఒక్కటే పెట్టారు కాబట్టి మీకు తెగింది ఎక్కడో దాన్నిబట్టి చెప్పలేను. పడిపోవడం మొదలైన వారానికి ముందు, తర్వాత ఫ్రీక్వెన్సీ ఎంత, పేజీకి వచ్చినవాళ్లలో ఎంతమంది కొన్నారు, అదే రోజుల్లో మీ ఖాతా పుస్తకం ప్రకారం ఎన్ని ఆర్డర్లొచ్చాయి, ఈ మూడూ కింద కామెంట్‌లో పెట్టండి, చూస్తాను. వీలైతే ఈమధ్య కస్టమర్లు అడిగిన ప్రశ్నలు ఓ ఇరవై, పేర్లూ నంబర్లూ తీసేసి, వాళ్లు రాసింది రాసినట్టు.