కూలి మాట మందిరంలో ఎత్తవచ్చా?

ప్రశ్న: మా సంఘ పెద్ద ఒకరు ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. ఆయన దగ్గర ఇటుకలు మోసిన మా పేట ఆడవాళ్లు ఆరుగురికి మూడు నెలల కూలి రావాలి. రాబడిలో పదో వంతు మందిరానికిచ్చే దశమభాగం మాత్రం ఆయన ఏ నెలా తప్పరు. ఈ మాట ఎత్తితే పాస్టరు గారు, "లోక సంగతులు మందిరంలోకి తేకమ్మా, ప్రార్థన చెయ్యి" అన్నారు. నేను అడగడం తప్పా అయ్యగారూ?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: తప్పు కాదమ్మా. కూలి మాటను మందిరంలోకి తెచ్చింది మీరు కాదు, బైబిలే. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం తీయండి. "మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని ఉంటుంది. ఆ వచనంలో కోతవారి కేకల కంటే ముందు కూలే మొరపెట్టిందట! అలా బిగపట్టిన కూలిలో పదో వంతు తెచ్చి కానుకపెట్టెలో వేస్తే, ఆ మొర పెట్టెలోంచి వినిపిస్తుంది.

ఇది చెప్పే అర్హత నాకూ అంతంతమాత్రమే. నేను కొత్తగా పాస్టరునైనప్పుడు, కోత పండుగకు ఒక రైతు రెండు బస్తాల మిరపకాయలు కానుకగా తెచ్చాడు. వేలం వేయించి, ఆయన పేరు చదివి, స్తోత్రం చెప్పించాను. ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, నా కూలి కూడా వేలంలో పోయిందా?" అంది. ఆ కాయలు కోసింది ఆమే. నా నోట మాట రాలేదు.

ఆఖరి గంటకు వచ్చినవాళ్లకూ పూర్తి కూలి ఇచ్చిన యజమాని గురించి యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం మీద అప్పటికే ఎన్నో ప్రసంగాలు చేశాను, అన్నీ దేవుని కృప గురించే. సాయంకాలం కాగానే పనివాళ్లను పిలిచి కూలి ఇమ్మని ఆ యజమాని చెప్పిన మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

రక్షణే ముఖ్యమని మీ పాస్టరు గారు అంటే అనవచ్చు. నిజమే. కానీ పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాకే, ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు.

ఎలా అడగాలో మత్తయి 18లో ఉంది. ముందు ఒంటరిగా వెళ్లండి. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత ముట్టిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. వినకపోతే ఇద్దరు ముగ్గురితో, అప్పటికీ వినకపోతే సంఘం ముందు. అంతవరకూ ఆ ఆరుగురూ పస్తులుండనక్కర్లేదు. కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు న్యాయసహాయం ఉచితం. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

విశ్వాసులు కోర్టుకెక్కకూడదంటూ ఎవరో ఒకరు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం చూపిస్తారు. తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు నిలదీసింది అక్కడే. తీర్చని సంఘం ఆ వచనం చూపిస్తే ఎలా?

కమిటీ కూర్చునే రోజున ఆ ఆరుగురినీ వెంటబెట్టుకుని వెళ్లండి. వరండాలో నిలబెట్టవద్దు. పెద్దల పక్కనే కుర్చీలు వేయించండి.