కళ్ళు మూసుకున్నా వేలికి దారి తెలియాలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, కీబోర్డ్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నా. ఒకటి శ్రుతిలో (C కీ స అయితే) మాయామాళవగౌళ రాగం హాయిగా వచ్చేస్తుంది, రెండున్నర శ్రుతికి (D# కీ స) మార్చగానే వేళ్ళన్నీ తికమక. అసలీ నల్ల కీలు తెల్ల కీలు ఎందుకండీ, అన్నీ ఒకేలా పెట్టేస్తే ఏ శ్రుతికైనా ఒకటే ఫింగరింగ్ సరిపోతుంది కదా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: మీ ఆలోచనే 1882లో పాల్ ఫాన్ యాంకో అనే హంగేరియన్ పియానిస్టుకి వచ్చిందండీ, ఆయన ఇంజనీర్ కూడా, అందుకని చేసి చూపించేశాడు. ఆరు వరసల కీలు, ఒక్కో వరసలో ఒక స్వరస్థానం విడిచి ఒకటి, ఆ విడిచినవన్నీ పై వరసలో, మళ్ళీ అదే రిపీట్. ఒక రాగానికి చెయ్యి ఒకసారి కుదిరితే చాలు, పన్నెండు శ్రుతుల్లోనూ అదే చెయ్యి, పైగా తార షడ్జం, అంటే పై స, కూడా దగ్గరికొచ్చేస్తుంది. అమెరికాలో, యూరప్‌లో పియానోలు కూడా తయారయ్యాయి, కానీ నిలబడలేదు. టీచర్లందరూ పాత కీబోర్డ్ మీద పెరిగినవాళ్ళు, పుస్తకాల్లో వేళ్ళ నంబర్లన్నీ పాత పద్ధతివే, చేతిలో ఉన్న పియానో పక్కన పెట్టి కొత్తది కొనేదెవరు?

ఇంకో సంగతుంది, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. అన్నీ ఒకేలా ఉంటే చెయ్యి ఎక్కడుందో చెయ్యికి తెలియదు. మామూలు కీబోర్డ్ మీద నల్లవి రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపు, ఆ హెచ్చుతగ్గే గుర్తు, కళ్ళు మూసుకుని తడిమినా ఎక్కడున్నారో అర్థమైపోతుంది. యాంకో కూడా కీలకి నలుపు తెలుపు వేశాడు కానీ రంగు కంటికి కదా, వేలికి కాదు. ఫోన్‌లో పియానో యాప్ మీద ఎంత ప్రాక్టీస్ చేసినా చెయ్యి తిరగదు అని చాలామంది రాస్తుంటారు, అక్కడా ఇదే, నున్నటి గాజు మీద అంచే లేదు, ప్రతి స్వరానికీ కళ్ళు కాపలా కాయాలి, ఇంక వినడానికి మనసెక్కడ మిగులుతుంది!

కాబట్టి రెండున్నరలో ఇలా చెయ్యండి. స, మ, ప నల్లవి, మిగతా నాలుగూ తెల్లవి. రెండు నల్ల కీల గుంపులో రెండోది స, మూడు నల్ల కీల గుంపులో చివరి రెండూ మ, ప. ఈ మూడూ చూడకుండా తడిమి పట్టుకోండి ముందు, తర్వాతే సరళీ వరసలు, అంటే మొదటి స్వర పాఠాలు. వేళ్ళు మార్చకుండానే శ్రుతి మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ కచేరీకి తప్పులేదు, రోజూ ప్రాక్టీస్‌కి మాత్రం వద్దు అంటాను.

ఒకే చెయ్యి అన్ని శ్రుతులకీ అనే సదుపాయం మన వీణకి ఎప్పటినుంచో ఉందండోయ్. తీగ శ్రుతి మార్చుకుంటే చాలు, 24 మెట్లు అక్కడే ఉంటాయి, వేళ్ళూ మారవు. మరి అక్కడ నల్లా తెల్లా లేవు, గుర్తేంటి అంటే మెట్ల మధ్య దూరమే. పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతూ పన్నెండో మెట్టు దగ్గరికి సగమైపోతుంది, ఆ దూరం చేతికి తెలుస్తూనే ఉంటుంది. బొబ్బిలి ఏకాండి వీణ (ఒకే చెక్కలో తొలిచినది) ఒకటి దొరికితే ఒక్కసారి చెయ్యి నడిపి చూడండి.

ప్రశ్న: నా చేతులు చిన్నవి. పియానో మీద ఆక్టేవ్ (స నుంచి పై స దాకా) ఒకేసారి పట్టాలంటే బొటనవేలి మొదట్లో నొప్పి. మా టీచర్ సాగదీస్తే అదే వస్తుందంటారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: నొప్పి వస్తే ఆపెయ్యండమ్మా, సాగదీయొద్దు, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. ఎముక పొడవు ప్రాక్టీస్‌తో పెరగదు. తప్పు మీ చేతిది కాదు, కీ వెడల్పుది. ఇప్పటి పియానోల్లో ఆక్టేవ్ దాదాపు 165 మిల్లీమీటర్లు, అందరికీ అదే సైజు. చెప్పులకి ఉన్నన్ని సైజులు కూడా లేవు దీనికి! జోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్టు చేతులు చిన్నవని స్టైన్‌వే పియానో కంపెనీ వాళ్ళు కాస్త సన్నటి కీలతో ఆయనకి పియానోలు చేసిచ్చారు. కెనడా పియానిస్టు క్రిస్టఫర్ డానిసన్, అమెరికాలో డేవిడ్ స్టైన్‌బ్యూలర్ కలిసి తెచ్చిన సైజుల్లో ఆక్టేవ్ ఒకదాంట్లో సుమారు 152, ఇంకోదాంట్లో 140 మిల్లీమీటర్లే. మన దగ్గర అంత తేలిగ్గా దొరకవు, నిజమే. అందాకా పెద్ద కార్డ్ (ఒకేసారి నొక్కే కొన్ని స్వరాలు) వచ్చినచోట స్వరాలు ఒకదాని వెంట ఒకటి దొర్లించండి, లేదా మధ్య స్వరం వదిలెయ్యండి. ఈ మాట మీ టీచర్‌తో గట్టిగానే చెప్పండి.

ప్రశ్న: మా పాప వయొలిన్ నేర్చుకుంటోంది. స్వరస్థానాలకి స్టిక్కర్లు అంటించమంటోంది, అంటించనా? (ఒక తల్లి, విజయనగరం)

జవాబు: మొదట్లో కొన్నాళ్ళు పర్లేదమ్మా, తర్వాత తీసెయ్యండి. స్టిక్కర్ ఉన్నంతకాలం పాప చూసి వాయిస్తుంది, విని కాదు. పైగా మన సంగీతంలో స్వరం ఒక్కచోట నిలబడదు, గమకంలో ఊగుతుంది, దానికి స్టిక్కర్ ఎక్కడని పెడతాం? స, ప తీగలు వేలు పెట్టకుండానే మోగుతాయి కదా, ఆ మోతతో సరిచూసుకోమనండి. వయొలిన్ తల కుడి చీలమండ దగ్గర ఆనించి కూర్చునే మన పద్ధతి కూడా ఇందుకే పనికొస్తుంది, బరువు కాలు మోస్తుంది, ఎడమ చెయ్యి జారడానికి ఖాళీగా ఉంటుంది, అందుకని కూర్చోవడం సరిగ్గా ఉందో లేదో ముందు చూడండి. మీ ఊరి సంగీత కళాశాలలోనే పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు బాగా తక్కువ, ఆ వయొలిన్ అంతా చెవీ చెయ్యే. ఆయన పాత రికార్డులు పాపకి వినిపించండి.