న్యూ హాంప్‌షైర్‌కి మారతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు మసాచుసెట్స్ వదిలేసి మీ వైపు వచ్చేస్తానంటున్నాడు అన్నయ్యా. పన్నులుండవట, స్వేచ్ఛట, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వైనా వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడు" అంది. కూర్చోబెడదామంటే నువ్వు దొరకవు, అందుకని రాస్తున్నాను. నువ్వు పంపిన వీడియోలు మూడూ చూశాను. వాటిలో అబద్ధాలేమీ లేవు. పెళ్లిళ్ల పేరయ్య చెప్పే మాటల్లాంటివి, అంతే. కాపురం ఎలా ఉంటుందో ఇరవై ఏళ్లుగా ఇక్కడ చేస్తున్నవాణ్ణి కాబట్టి నేను చెప్పాలి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. "రాజకీయ స్వేచ్ఛ కోసం" అని మొదలుపెట్టిన నీ ఈమెయిల్లో సగం పన్నుల గురించే ఉంది మరి. ఇక్కడ జీతం మీద రాష్ట్రం పన్ను వెయ్యదు, నిజమే. వడ్డీల మీదా డివిడెండ్ల మీదా ఉన్న పన్ను కూడా 2025 జనవరితో పోయింది. కొట్లో కొనే సామాను మీద అమ్మకం పన్ను లేదు. కానీ నీ ఆఫీసు మసాచుసెట్స్ బర్లింగ్టన్‌లోనే ఉందిగా. అక్కడికెళ్లి కూర్చుని పనిచేసిన రోజుల జీతం మీద మసాచుసెట్స్ తన 5 శాతం తను పట్టుకుంటుంది, రాత్రి నువ్వు ఏ రాష్ట్రంలో నిద్రపోయినా సరే. కోవిడ్ రోజుల్లో అయితే ఇక్కడ ఇంట్లో కూర్చుని పనిచేసినవాళ్ల దగ్గరా వసూలు చేసింది. మా రాష్ట్రం నేరుగా సుప్రీంకోర్టుకెక్కితే, 2021 జూన్‌లో ఆ దావా విచారణకు తీసుకోబోమని కోర్టు చెప్పేసింది. ఆ నియమం ఇప్పుడు లేదు. ఇంటి నుంచి పనిచేసిన రోజులు లెక్కలోంచి తీసుకోవచ్చు, కాకపోతే ఏ రోజు ఎక్కడున్నావో డైరీ రాసుకో. అక్కడి అపార్ట్‌మెంటు "ఎందుకైనా మంచిది" అని ఉంచుకుంటానన్నావు, ఆ పని మాత్రం చెయ్యకు. అక్కడ ఇల్లు ఉంచుకుని ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ గడిపితే వాళ్ల దృష్టిలో నువ్వు వాళ్ల మనిషివే.

ఇక ఇంటి పన్ను. ఇక్కడి ఊళ్లు బడికీ రోడ్డుకీ మంచు తియ్యడానికీ ఎక్కువగా దీని మీదే బతుకుతాయి. వెయ్యి డాలర్ల విలువకు 20 డాలర్లు వేసే ఊళ్లో 5 లక్షల డాలర్ల ఇల్లు కొన్నావనుకో, ఏడాదికి 10,000. ఉద్యోగం పోతే ఆదాయపు పన్ను దాంతోపాటే పోతుంది, ఇంటి పన్ను మాత్రం వస్తూనే ఉంటుంది. హోటల్లో దోసె తింటే ఇక్కడ 8.5 శాతం పన్ను, బోస్టన్‌లో 7. ఈ సంగతి మీ అత్తయ్య కనిపెట్టింది. అప్పటినుంచీ హోటలంటే సరిహద్దు దాటాల్సిందే అంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వనుకునే స్వేచ్ఛలు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లకి సీటు బెల్టు తప్పనిసరి కాదు, కారుకి ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు, 18 దాటినవాడికి మోటారు సైకిల్ మీద హెల్మెట్ అక్కర్లేదు. 2017 నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ జేబులో పెట్టుకుని తిరగొచ్చు. (నువ్వు బెల్టూ పెట్టుకుంటావు, ఇన్సూరెన్సూ కడతావు. మామయ్య మాట. తుపాకీ కొన్నా అది పొరపాటున కారులో ఉండగా, మసాచుసెట్స్ లైసెన్సు లేకుండా సరిహద్దు దాటావంటే అక్కడ జైలుదాకా పోతుంది.) అదే రాష్ట్రంలో బ్రాందీ, విస్కీ సీసా కావాలంటే ప్రభుత్వం నడిపే దుకాణానికే వెళ్లాలి. మసాచుసెట్స్ వాళ్లు 2016లో ఓటేసి పెద్దవాళ్లెవరైనా కొనుక్కునే గంజాయి దుకాణాలు తెరుచుకుంటే, స్వేచ్ఛకి పుట్టినిల్లని చెప్పుకునే మా దగ్గర అవి లేవు. కారు నంబరు పలక మీద "స్వేచ్ఛగా బతుకు లేదా చావు" అని ఉంటుంది చూశావా, ఆ పలకలు తయారుచేసేది మా రాజధాని కాంకర్డ్ జైల్లో ఖైదీలు. ఆ మాట నా నమ్మకానికి సరిపడదని దాన్ని కప్పేసిన ఒకాయన్ని 15 రోజులు జైల్లో పెట్టారు కూడా. 1977లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కాబట్టి స్వేచ్ఛ అనే మాటని ఇక్కడివాళ్లు పలక మీద రాసుకున్నంత మాత్రాన మురిసిపోకు.

నన్ను ఇక్కడ కట్టిపడేసింది వేరే. ఈ రాష్ట్రంలో ఉన్నది 14 లక్షల మంది, వైజాగ్‌లో అంతకన్నా ఎక్కువ జనం. అలాంటిదానికి ప్రతినిధుల సభలో 400 మంది సభ్యులు. మన ఆంధ్రాలో 175, తెలంగాణలో 119, రెండూ కలిపినా 294. ఇక్కడ సుమారు 3,500 మందికి ఒక ప్రతినిధి అన్నమాట. వాళ్ల జీతం ఏడాదికి 100 డాలర్లు, 1889 నుంచీ అంతే. మా ప్రతినిధి కిరాణా కొట్లో కనిపిస్తాడు, బండి తోసుకుంటూనే మాట్లాడతాడు. సభకి వచ్చిన ప్రతి బిల్లు మీదా బహిరంగ విచారణ జరగాలి. కాంకర్డ్ వెళ్లి, గది బయట పేరు రాసి, నీ వంతు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని చెప్పదల్చుకున్నది చెప్పొచ్చు. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి చేతులు వణికాయి. మైసూరులో పుట్టిన లతా మంగిపూడి నాషువా నుంచి గెలిచి ఆ సభలో కూర్చున్నారు. మనకి కుదరదు అనే మాట అందుకే నా దగ్గర అనకు.

నాషువా అన్నాను కాబట్టి ఇది కూడా విను. మనవాళ్లు వస్తే అక్కడే దిగుతారు, దేశీ సరుకులూ తోడూ ఉంటాయి కదా. తప్పేం లేదు. కానీ నాషువా, మాంచెస్టర్ నగరాలు. అక్కడ నీ బదులు ఆల్డర్‌మెన్, అంటే మన కౌన్సిలర్లలాంటివాళ్లు, ఓటేస్తారు. నువ్వు వెతుక్కుంటున్నది చిన్న ఊళ్లలో, టౌన్ మీటింగ్‌లో ఉంది. మార్చి నెల రెండో మంగళవారం ఊరి ఎన్నికలు. బడ్జెట్ మీటింగు చాలా ఊళ్లలో ఆ దగ్గర్లోనే, బడి జిమ్‌లో. ముందుగా "వారెంట్" అంటిస్తారు. కంగారు పడకు, ఎవర్నీ అరెస్టు చెయ్యరు, అది ఆ రోజు తేల్చాల్సిన విషయాల జాబితా. ఒక్కో అంశం మోడరేటర్, అంటే సభ నడిపే ఆయన, చదువుతాడు, లేచి మాట్లాడతారు, సవరణ పెడతారు, కార్డు పైకెత్తి ఓటేస్తారు. మన ఊళ్లో గ్రామసభ ఎలా జరిగేదో నీకు తెలుసుగా. మీ తాతయ్య వార్డు మెంబరుగా ఉన్నప్పుడు రిజిస్టరు మన అరుగు మీదికి వచ్చేది, సంతకాలయ్యాక సభ జరిగినట్టే లెక్క. ఇక్కడ నిజంగా జరుగుతుంది. అది చూసి నాకు మా నాన్న గుర్తొచ్చి కాసేపు మాట పెగల్లేదు.

అయితే అక్కడికి వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. మొదటి మార్చిలో మంచు పడుతోంది, రగ్గు కప్పుకుని పడుకున్నాను. డిసెంబరు బిల్లు చూసి గుండె ఆగింది. టౌన్ క్లర్కు దగ్గరికి కోపంగా వెళ్లాను. కొత్త ఫైరింజన్ కొన్నాం కదా అందావిడ. ఎవరు కొనమన్నారు అన్నాను. "మీటింగ్‌లో ఓటేశారు. మీరు ఎటు ఓటేశారు?" అని అడిగింది. వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత ఒక్క మార్చి కూడా మానలేదు.

క్రాయ్డన్ సంగతి నువ్వు తెలుసుకునే రావాలి. ఎనిమిది వందల జనాభా ఉన్న ఊరు. నాలుగో తరగతి దాకా పాత ఎర్ర బడి, పెద్ద పిల్లల్ని పక్క ఊళ్లకి పంపి ఫీజులు కడతారు. 2022 మార్చిలో బడి బడ్జెట్ మీటింగ్‌కి వచ్చింది ముప్ఫై చిల్లర మంది. 17 లక్షల డాలర్ల బడ్జెట్‌ని 8 లక్షలకి కోసేద్దామని ఒకాయన సవరణ పెట్టాడు. 20 మంది అటు, 14 మంది ఇటు. నెగ్గింది! సగం బడ్జెట్ ఒక్క పూటలో ఎగిరిపోయింది, చట్టప్రకారమే. ఇంట్లో పడుకున్న ఊరంతా ఉలిక్కిపడి లేచింది. మళ్లీ మీటింగ్ పెట్టాలంటే నమోదైన ఓటర్లలో సగం మంది రావాలి. తలుపు తలుపూ తట్టారు. మే నెలలో జనం వచ్చి పాత బడ్జెట్ నిలబెట్టారు, 377కి 2. నీకు ఆ ఇరవై మంది మీద అభిమానం ఉందని నాకు తెలుసు, వాళ్ల వాదన నేనూ విన్నాను, పూర్తిగా కొట్టిపారెయ్యను. కానీ వచ్చీరాగానే ఆ జట్టులో చేరితే మీ పక్కింటివాళ్లు ఏళ్ల తరబడి నిన్ను ఆ కళ్లతోనే చూస్తారు.

నువ్వు రాసిన ఫ్రీ స్టేట్ ప్రాజెక్టు నాకు కొత్త కాదు. 2001లో జేసన్ సోరెన్స్ అనే కుర్రాడు, యేల్‌లో చదువుకుంటూ, స్వేచ్ఛావాదులు ఇరవై వేల మంది ఒకే చిన్న రాష్ట్రానికి వెళ్లిపోదాం అని రాశాడు. 2003లో వాళ్లలో వాళ్లు ఓటేసుకుని న్యూ హాంప్‌షైర్‌ని ఎంచుకున్నారు, 2016 ఫిబ్రవరికి 20,000 సంతకాలు పూర్తయ్యాయి. సంతకం పెట్టినవాళ్లంతా మూటాముల్లె సర్దుకుని రాలేదనుకో. వచ్చినవాళ్లలో నాకు మంచి స్నేహితులున్నారు, రాత్రి రెండింటికి మంచులో కారు ఇరుక్కుంటే వచ్చి లాగేవాళ్లు. తరతరాలుగా ఇక్కడున్నవాళ్లకి మాత్రం ఒక మాట గిట్టదు, "మేం మిమ్మల్ని బాగుచెయ్యడానికి వచ్చాం" అనేది. కొత్తల్లుడు అత్తారింట్లో వంటగది మార్పించినట్టు ఉంటుంది అది. మొదటి ఏడాది వెనక వరసలో కూర్చుని విను. రెండో ఏడాది చెత్త డంపు కమిటీకో లైబ్రరీకో మనుషులు కావాలంటారు, చెయ్యెత్తు. మూడో ఏడాది నువ్వు లేచి మాట్లాడితే జనం తల తిప్పి వింటారు. "మసాచుసెట్స్‌లో అయితే ఇలా చేసేవాళ్లం" అని మాత్రం నోటి వెంట రానివ్వకు.

ఇక అమ్మాయి, అదే మీ ఆవిడ సంగతి. నీకు పౌరసత్వం వచ్చింది, తనది ఇంకా గ్రీన్ కార్డే. తను ఏ కాగితం మీదా పొరపాటున కూడా పౌరురాలినని సంతకం పెట్టకూడదు. టౌన్ మీటింగ్‌లో కూడా కార్డు ఎత్తకూడదు, ఓటర్లు కానివాళ్లు విడిగా కూర్చుంటారు. దీనివల్ల దేశం నుంచి పంపేసేదాకా పోతుంది, తమాషా కాదు. ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకి కొత్త చిరునామా తెలపాలి. నీ ఫ్రెండు హెచ్-1బి మీద ఉన్నాడన్నావు, వాడూ వస్తానంటే పనిచేసే చోటు మారితే కంపెనీ లాయరుతో ముందు మాట్లాడమను. ఓటు లేకుండా కూడా వాడు కాంకర్డ్ వెళ్లి మాట్లాడొచ్చు, ఊరి లెక్కలు అడిగి చూడొచ్చు. కానీ రాజకీయ స్వేచ్ఛ కోసమే అయితే ఓటు చేతికొచ్చాకే రావడం మేలని నా ఉద్దేశం. నువ్వు ఓటు నమోదుకి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు పట్టుకెళ్లు. 2024 నవంబరు నుంచి పౌరసత్వ రుజువు చూపకపోతే నమోదు చెయ్యరు, 2025 మార్చి ఎన్నికల్లో కొందరు కాగితం లేక వెనక్కి వెళ్లారు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. లైసెన్సూ కారు రిజిస్ట్రేషనూ 60 రోజుల్లో మార్చుకోవాలి. రిజిస్ట్రేషన్ ముందు టౌన్ క్లర్కు దగ్గర, ఏటా నీ పుట్టిన నెలలో. ఇల్లు కొనేముందు ఆ ఊరు "ఎస్‌బి 2" ఊరేమో అడుగు. అలాంటి ఊళ్లలో మీటింగ్‌లో చర్చ మాత్రమే, ఓటు తర్వాత బ్యాలెట్ పెట్టెలో. నాకు చెయ్యెత్తే ఊరే ఇష్టం, నీ ఇష్టం నీది. హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం పెత్తనం ఉన్న కాలనీలో మాత్రం కొనకు. ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చి, తలుపుకి ఏ రంగు వెయ్యాలో పక్కింటాయన్ని అడుక్కోవడం ఎందుకు? బోరు నీళ్లయితే ఆర్సెనిక్ పరీక్ష చేయించాకే సంతకం పెట్టు, ఇక్కడి రాతిలో అది ఉంటుంది. ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే తగ్గించమనే దరఖాస్తుకి గడువు మార్చి 1.

పిల్లాడి బడి గురించి దాచను. ర్యాంకుల కోసమే అయితే మసాచుసెట్స్‌లోనే, యాక్టన్‌లోనో వెస్ట్‌ఫర్డ్‌లోనో ఉండిపో. ఇక్కడ హాలిస్, బెడ్‌ఫర్డ్ లాంటి ఊళ్లు బాగుంటాయి, కానీ ఊరు ఊరుకీ తేడా చాలా ఎక్కువ. బడి బడ్జెట్ నీ పక్కింటివాళ్ల చేతుల్లో ఉంటుందని క్రాయ్డన్ సంగతిలోనే చూశావు కదా.

ఇల్లు ఇప్పుడే చూడకు. మార్చిలో ఇద్దరూ రండి, నాలుగు రోజులుండండి. మా మీటింగ్ శనివారం పొద్దున తొమ్మిదింటికి. అమ్మాయి, నువ్వు ఓటర్లు కానివాళ్ల కుర్చీల్లో కూర్చుని చూడండి. ఊలు సాక్సులు తెచ్చుకోండి, జిమ్ నేల మంచుగడ్డలా ఉంటుంది. మధ్యాహ్నం అందరూ తలో గిన్నె తెచ్చి భోజనాలు పెడతారు. మీ అత్తయ్య పులిహోర తెస్తుంది, పోయినేడు గంటలో ఖాళీ అయింది. ఇంగువ కాస్త తగ్గించమంటే మాత్రం వినదు.

మీ
మామయ్య