పెరిగే పిల్లాడికి కారు సీటు

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

కారు కొన్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. బాబుకి సీటు కొంటున్నావట, ఎలాగూ పెరిగేవాడు కదా అని పెద్దదే చూస్తున్నావట. అది వినే కూర్చుని రాస్తున్నాను. పెరుగుతాడని చొక్కా రెండంగుళాలు వదులుగా కుట్టిస్తాం. సీటుకి ఆ లెక్క పనికిరాదమ్మా. బెల్టు ఇవాళే వాడి భుజానికి అతుక్కుని ఉండాలి.

నలభై ఏళ్లు బండి నడిపాను. ఒకసారి పాలకొల్లు నుంచి కాలవ గట్టు మీద వస్తుంటే గేదె అడ్డం వచ్చింది. ముందు సీట్లో తల్లి ఒళ్లో కూర్చున్న పాప, నేను బ్రేకు వెయ్యగానే వెళ్లి డాష్‌బోర్డుకి తగిలింది. నుదుట నాలుగు కుట్లు. తల్లి గట్టిగానే పట్టుకుంది, ఆవిడ కొంగు ఇంకా ఆ పిల్ల గుప్పెట్లోనే ఉంది. అప్పుడు నా వేగం ముప్ఫై కూడా లేదు. అదే 50 మీద వెళ్తున్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, 12 కిలోల బిడ్డ దాదాపు 170 కిలోల బరువై ముందుకి లాగుతాడు. రెండు ధాన్యం బస్తాలకంటే ఎక్కువ. ఏ చేతులు ఆపుతాయి?

మీ బాబుకి రెండేళ్లు, 12 కిలోలు. ఇంకా కొన్నాళ్లు వెనక్కి తిరిగి కూర్చునే సీటే మంచిది. ఆ వయసులో తల బరువు, మెడ లేత. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. కాళ్లు ముడుచుకుపోతాయని మీ అత్తగారు అంటారు, అననీ. పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చుంటారు. కొన్ని సీట్లలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టడానికి హద్దు 13 కిలోలే, కొన్నిట్లో 18 దాకా ఉంది. 13 వాటిని మీవాడు త్వరలోనే దాటేస్తాడు కాబట్టి లేబులు చదివి కొను. భద్రతా ప్రమాణం గుర్తు, అంటే మన ఏఐఎస్ 072 గానీ, యూరప్ వాళ్ల ఆర్44, ఆర్129 గానీ దాని మీద ఉండాలి. తల పైఅంచుకి అంగుళం లోపుకి వచ్చిందంటే ఇక ఆ సీటు చిన్నదైనట్టే. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో మాత్రం ఈ వెనక్కి తిరిగే సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

తర్వాత ముందుకి తిరిగేది, ఆ తర్వాత బూస్టరు, అంటే కారు బెల్టు సరిగ్గా అందేలా పిల్లాణ్ణి ఎత్తులో కూర్చోబెట్టే పీట. కారు బెల్టు మెడకి కాకుండా భుజం మీదుగా, పొట్టకి కాకుండా తుంటి మీదుగా వచ్చేదాకా బూస్టరు తియ్యకు.

అల్లుడుగారు ధర చూస్తారు. నువ్వు మీ కారులో కుదురుతుందా అని చూడు. వెనక సీటు మడతలోకి వేళ్లు పెడితే రెండు ఇనప కడ్డీలు తగిలితే ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటుని నేరుగా కారుకి తగిలించే ఏర్పాటు, ఉన్నట్టు. లేకపోతే బెల్టుతో బిగించుకోవాలి. బిగించాక బెల్టు దూరే చోట పట్టుకుని ఊపు, అంగుళం మించి కదలకూడదు. బాబుని కూర్చోబెట్టాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లు, మడత చేతికి రాకూడదు. కింద మెత్తగా ఉంటుందని తువ్వాలు వెయ్యకు, అది పట్టీని వదులు చేస్తుంది.

మీ ఆడపడుచు పాత సీటు ఇస్తానందట. ఎప్పుడైనా ప్రమాదంలో ఉన్నదేమో అడుగు, అడుగున తయారీ తేదీ చూడు. మన ఎండలకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రోహిణీ కార్తెలో బండి ఎండలో పెడితే బెల్టు బకిల్ కాలి చురుక్కుమంటుంది, దిగేటప్పుడు సీటు మీద తుండుగుడ్డ కప్పు. వెనక కొబ్బరికాయలు విడిగా వెయ్యకు, డిక్కీలోనే పెట్టు.

ఊళ్లోనే కదా అని అల్లుడుగారు అంటే, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సంగతి చెప్పు. 14 ఏళ్ల లోపు పిల్లాణ్ణి బెల్టుగానీ సీటుగానీ లేకుండా కూర్చోబెడితే నడిపినవాడికి వెయ్యి రూపాయల జరిమానా. నాకైతే ఆ పాప నుదురే గుర్తొస్తుంది.

పోయిన పండక్కి పెద్దమ్మ గుమ్మం మీద వాడి ఎత్తు గీత గీసింది, 82 సెంటీమీటర్లు. సంక్రాంతికి చించినాడ వంతెన దాటి వచ్చాక ఇంకోటి గీసి, లేబులు మీది కొలతతో సరిచూద్దాం.

ఇట్లు,
పెదనాన్న