ఎమర్జెన్సీకి వెళ్లినా గంటలకొద్దీ కూర్చోబెడతారెందుకు?

చెయ్యి తెగి కుట్లు వేయించుకోవడానికి వెళ్తే మూడు గంటలు ఆపారని, వెనక వచ్చినవాళ్లను ముందు లోపలికి పంపారని ఒకరు నాకు రాశారు. కోపం వస్తుంది, నిజమే. కానీ క్యాజువాలిటీలో వచ్చిన వరస చూడరు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ముందు చూస్తారు. దీన్నే ట్రయాజ్ అంటారు. రోగి పరిస్థితిని బట్టి ఓ రంగు ఇస్తారు: ఎరుపైతే వెంటనే, పసుపైతే కాసేపట్లో, ఆకుపచ్చైతే ఆగొచ్చు. చిక్కల్లా ఆ రంగు ఎవరు తేలుస్తారన్న దగ్గరే.

రెండేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. ఓ రాత్రి పదకొండు దాటాక మా నాన్నగారికి పొట్ట పైభాగంలో మంట, ఒకటే చెమటలు. పదిహేనేళ్లుగా షుగర్. ఆటోలో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కౌంటర్‌లో అబ్బాయి "ఏం ప్రాబ్లం?" అంటే, నేను పెద్ద తెలిసినట్టు "గ్యాస్ అనుకుంటా" అన్నాను. అంతే. ఆధార్, ఫోన్ నంబర్, అడ్వాన్స్, రసీదు. తర్వాత నలభై నిమిషాలు ఇనప కుర్చీలో. ఈలోపు మోచేయి గీరుకుపోయిన కుర్రాణ్ణి పదిమంది దోస్తులు గోలగోలగా తెస్తే, వాణ్ణి ముందు చూశారు. నాన్నగారి బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. అటుగా పోతున్న ఒక సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంత చల్లగా ఉన్నారేంటి? ఈసీజీ తీశారా?" అని తనే వీల్‌చైర్ లాక్కొచ్చింది. హార్ట్ ఎటాక్. ఆ రాత్రే స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగున్నారు.

షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చని నాకు అప్పుడు తెలీదు. అనుమానం ఉంటే వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది డాక్టర్ల లెక్కే. నా మాట తప్పే, కానీ బీపీ, పల్స్ చూసే మనిషి ఉండాల్సిన చోట రసీదులు రాసే మనిషిని కూర్చోబెట్టడం అంతకన్నా పెద్ద తప్పు.

అందుకే రోగం పేరు మీరు పెట్టకండి. "గంట నుంచి చెమటలు, షుగర్ ఉంది, ఊపిరాడటం లేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కూర్చున్నాక పరిస్థితి మారితే లేచి వెళ్లి మళ్లీ చెప్పండి, మొహమాటపడితే లాభం లేదు. యాక్సిడెంట్ అయితే, పోలీసు కాగితాలు వచ్చేదాకా ముట్టుకోం అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటైనా ముందు ప్రాణం కాపాడాల్సిందే.

ఇంకోటి, ఆటో వద్దు, 108కి ఫోన్ చేయండి. బీపీ, పల్స్ దారిలోనే చూస్తారు, కౌంటర్‌లో మన "అనుకుంటా"లతో పనుండదు. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన బండి అది. ఆ రాత్రి నాకు గుర్తే రాలేదు.